సాక్షే వకాల్తా పుచ్చుకుంటే: ఈ మధ్య చదివిన నవలలూ ఆత్మకథలూ

టెక్కలి నుంచి ఒక టీచరమ్మ అడిగారు. ఆవిడ ప్రశ్న క్లుప్తంగా ఇదీ: "నవలలు బాగానే చదువుతాను. ఆత్మకథ పట్టుకుంటే మాత్రం పాతిక పేజీలు దాటడం లేదు, అంతా గొప్పలే అనిపిస్తుంది. మీరు ఈ మధ్య చదివిన నవలల్లో, ఆత్మకథల్లో ఏవి బాగున్నాయి, ఏవి బాగాలేదు? మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళవి ఉంటే తప్పకుండా చెప్పండి. నచ్చని పుస్తకాన్ని మధ్యలో వదిలేస్తే తప్పా?"

ముందు ఆ చివరిది తేల్చేద్దాం. తప్పు కాదమ్మా. డబ్బులు పోసి కొన్నామనీ, అవార్డు వచ్చిందనీ, నలుగురూ మెచ్చుకున్నారనీ పళ్ళబిగువున చదివిన పుస్తకం ఒంటికి పట్టదు. కాకపోతే ఎందుకు వదిలేశామో మనకి తెలియాలి. విసుగొచ్చి వదిలేయడం వేరు, నమ్మకం కుదరక వదిలేయడం వేరు. మీ మాటల్ని బట్టి చూస్తే మీది రెండోది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

నేను విజయనగరంలో కోర్టు ఉద్యోగం చేసి రిటైరయ్యాను. బెంచి క్లర్కుని. జడ్జిగారి ముందు బల్ల దగ్గర కూర్చుని కేసులు పిలిపించడం, కాగితాలు అందించడం, వాయిదాలు రాసుకోవడం మా పని. సాక్షి చెప్పే మాట అందరికంటే దగ్గర్నుంచి వినేది కూడా మేమే. ఒకసారి ఏదో గట్టు తగాదాలో ఒక ముసలి రైతు బోనెక్కాడు. తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి చంకలో పెట్టుకున్నాడు. గట్టు ఎవరిదని ప్లీడరుగారు నాలుగు రకాలుగా తిప్పి తిప్పి అడిగారు. "గట్టెవులిదో నానెరగను బాబూ. గట్టు మీది తాటిసెట్టు మాత్రం మా అయ్య ఏసిందే" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే మాట. అతన్ని సాక్షిగా పిలిపించిన ప్లీడరే తల పట్టుకున్నాడు గానీ, హాల్లో ఉన్నవాళ్ళందరూ ఆ ముసలాణ్ణి నమ్మారు. అతని తర్వాత వచ్చిన సాక్షికి అన్నీ తెలుసు. తేదీ తెలుసు, టైము తెలుసు, ఎవరు ఏ రంగు చొక్కా తొడుక్కున్నారో కూడా తెలుసు. అతన్ని ఒక్కరూ నమ్మలేదు.

ఆత్మకథని నేను వాంగ్మూలంలాగే చదువుతాను. సాక్షి తను చూసింది, చేసింది, పడింది చెప్పాలి. తన తరఫున తానే వకాల్తా పుచ్చుకుని వాదించడం మొదలెట్టాడంటే నాకు అనుమానం వస్తుంది. నవలకీ ఇదే తూకం వేస్తాను. అక్కడ రచయిత తన హీరో తరఫునో, హీరోయిన్ తరఫునో వకాల్తా పుచ్చుకుంటాడు. అలా పుచ్చుకోని పుస్తకాలే నాకు మిగిలాయి.

మనవాళ్ళతోనే మొదలుపెడతాను. హరికథకి పేరుపడ్డ ఆదిభట్ల నారాయణదాసు గారి ఆత్మకథ "నా ఎఱుక" ఈ మధ్య మళ్ళీ చదివాను. గొప్పలు అంటే మీకు పడదు కదా, ఇది గొప్పల పుట్ట. తన గొంతు గొప్ప, తన జ్ఞాపకం గొప్ప, తన చదువు గొప్ప, ఎదుటివాడు తన ముందు ఆగలేకపోవడం గొప్ప. అయినా పుస్తకం కింద పెట్టబుద్ధి కాదు. ఎందుకంటే తనకి వ్యతిరేకంగా పనికొచ్చే సాక్ష్యం కూడా ఆయనే తెచ్చి బల్ల మీద పెడతాడు. కుర్రతనపు ఆగడాలు, తిరుగుళ్ళు, పెద్దమనుషులు ఆత్మకథల్లో దాచుకునే సంగతులు, ఏవీ దాచడు. సమర్థించుకోడు, పశ్చాత్తాపపడుతున్నట్టు నటించడు. బలిజిపేట దగ్గర అజ్జాడలో 1864లో పుట్టిన కుర్రాడు, 1883లో విజయనగరంలో కుప్పుస్వామి నాయుడు అనే ఆయన హరికథ విని, ఇది నేనూ చెప్పగలనని లేచాడు. ధ్రువచరిత్ర కట్టి చెప్పాడు. అక్కడినుంచి కాళ్ళకి గజ్జెలు, చేతుల్లో చిడతలు.

ఈ పుస్తకంలో ఇంకో విశేషం ఉంది. ఆయన సుమారు ముప్పయ్యో ఏటి దగ్గరే కథ ఆగిపోతుంది. 1919లో మా ఊరి సంగీత కళాశాలకి మొదటి ప్రిన్సిపాల్ అయిన పెద్దాయన అందులో లేడు. సన్మానాలు, బిరుదులు, పదవి ఏవీ రాకముందు మనిషే ఉన్నాడు. అయ్యో, మిగతా జీవితం కూడా రాసి ఉంటే అని చాలామంది అంటారు. నాకైతే రాయకపోవడమే మంచిదైంది అనిపిస్తుంది. మీరే గమనించండి. ఏ ఆత్మకథలోనైనా చిన్నతనం బాగుంటుంది. ఊరు, బడి, ఆకలి, మేనమామ, దెబ్బలు... వాటికి ఎవరూ సంజాయిషీ అడగరు కాబట్టి రాసినాయన ధారాళంగా చెబుతాడు. ఉద్యోగం వచ్చిందంటే చాలు, వాదన మొదలవుతుంది. ఆ ట్రాన్స్‌ఫర్ ఎందుకు జరిగిందంటే, ఆ ఫైలు మీద నేను అలా ఎందుకు రాశానంటే, ఆ కమిటీలోంచి నేను ఎందుకు తప్పుకున్నానంటే. ఈ మధ్య ఒక పెద్ద ఉద్యోగి రాసుకున్న జీవితకథ చదివాను, పేరు ఎందుకులెండి. మొదటి అరవై పేజీలు బంగారం. తర్వాత అన్నీ శాలువాలు, ఫొటోలు. మీ పాతిక పేజీల దగ్గరే నేనూ ఆగి ఉంటే ఆయన గురించి మంచి అభిప్రాయంతో ఉండేవాణ్ణి.

పాతకాలపు మగవాళ్ళ ఆత్మకథల్లో ఇంకొకటి చూస్తాను. భార్య ఎన్ని పేజీల్లో ఉంది? చాలా పుస్తకాల్లో పెళ్ళి పేజీలో వస్తుంది, చావు పేజీలో పోతుంది. మధ్యలో ఇంటికొచ్చిన వందలమందికి అన్నం ఎవరు వండారో రికార్డులో ఉండదు. ముఖ్యమైన సాక్షిని పిలవని కేసు అది.

అందుకే కొండపల్లి కోటేశ్వరమ్మ గారి "నిర్జన వారధి" దగ్గర ఎక్కువసేపు ఆగాలి. 2012లో వచ్చింది. అప్పటికి ఆవిడకి తొంభై దాటాయి. 1918లో పుట్టి 2018లో, నూరేళ్ళు నిండాక, విశాఖలో పోయారు. మా ఇంట్లో ముందు మా ఆవిడ చదివింది. రెండు రోజులు వంట ఆలస్యమైంది, నేనేమీ అనలేదు. చదవడం అయ్యాక ఒక్క మాట అంది: "ఈవిడ ఏడవలేదు. మనల్ని ఏడవమని అడగనూ లేదు." ఇంతకంటే మంచి సమీక్ష నేను రాయలేను.

ఆవిడ జీవితం చూడండి. ఊహ తెలియని వయసులో పెళ్ళి, ఆ వెంటనే వైధవ్యం. తర్వాత కమ్యూనిస్టు నాయకుడు కొండపల్లి సీతారామయ్యతో మళ్ళీ పెళ్ళి. ఒంటిమీద నగలు కమ్యూనిస్టు పార్టీకి ఇచ్చేశారు. అజ్ఞాతవాసం, పిల్లల్ని తల్లి దగ్గర వదిలి తిరగడం. ఆ తర్వాత భర్త వదిలేసి వెళ్ళిపోయాడు. ముప్పై దాటిన వయసులో హైదరాబాదు వెళ్ళి, చిన్న చిన్న ఆడపిల్లల పక్కన కూర్చుని మెట్రిక్ చదువుకుని, కాకినాడలో హాస్టల్ మేట్రన్ ఉద్యోగం చేశారు. కొడుకు నక్సలైటు ఉద్యమంలో పోయాడు. తర్వాత కూతురూ పోయింది. భర్త మీద, పార్టీ మీద, లోకం మీద ప్రాసిక్యూషన్ నడపడానికి ఆవిడకి ఉన్నంత హక్కు ఇంకెవరికీ లేదు. నడపరు. ఫలానా రోజు ఇలా జరిగింది, నేను ఇలా ఉన్నాను, అంతే. మన ముసలి రైతు తాటిచెట్టు గురించి చెప్పినట్టే ఉంటుంది.

నాకు వెలితిగా అనిపించిన చోటు కూడా చెప్పాలి. పార్టీ పెద్దల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ మెతకబడిపోతారు. ఆడవాళ్ళని ఇంత వాడుకుని, చివరికి ఎవరి దారిన వాళ్ళని వదిలేసిన పద్ధతి మీద ఇంకో రెండు ప్రశ్నలు పడాల్సింది. మా ఆవిడ ఒప్పుకోదు. "తొంభయ్యేళ్ళ మనిషి, తనకి తిండి పెట్టి లోకం చూపించిన ఇంటిని ఎంతవరకు అనాలో అంతవరకే అంది" అంటుంది. మీరు చదివాక ఎవరి పక్షమో చెప్పండి.

"ఒక హిజ్రా ఆత్మకథ" కూడా ఇదే వరసలోది. రేవతి రాసినది, తెలుగు చేసినది పి. సత్యవతి గారు. ఈ అనువాదానికి సాహిత్య అకాడెమీ బహుమతి కూడా వచ్చింది. తమిళనాడులో లారీల వ్యాపారం చేసే ఇంట్లో మగపిల్లాడిగా పుట్టి, ఇంట్లోంచి పారిపోయి, ఢిల్లీ, బొంబాయి తిరిగి ఆడమనిషిగా బతికిన కథ. రైల్లో చప్పట్లు వినిపించగానే కిటికీ వైపు తిరిగిపోయే జనం చదవాల్సిన పుస్తకం అని అందరూ అంటారు, నిజమే. నన్ను పట్టుకున్నది మాత్రం వేరే. తన్ని తరిమిన అన్నల ఇంటికే ఆ మనిషి మళ్ళీ మళ్ళీ వెళుతుంది. ఎందుకు వెళ్ళిందో సమర్థించుకోదు. ఆస్తిలో వాటా దగ్గర జరిగే మాటలు చదువుతుంటే నాకు భాగాల దావాలే గుర్తొచ్చాయి. అన్నదమ్ముల భాష ఏ రాష్ట్రంలోనైనా ఒకటే. మరీ సున్నితంగా ఉన్నవాళ్ళకి కొన్ని పేజీలు కష్టంగా ఉంటాయి, దాటేసినా ఫర్వాలేదు.

ముళ్ళపూడి వెంకటరమణ గారి "కోతి కొమ్మచ్చి" గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, మీరు చదివే ఉంటారు. బీదరికాన్ని నవ్వుతూ చెప్పారని అందరూ మెచ్చుకుంటారు. నాకూ ఇష్టమే. అయితే ఆ నవ్వు కొన్నిచోట్ల దాపరికం కూడా. జోకు పేలిన చోటల్లా అసలు ఏం జరిగి ఉంటుందో కాసేపు ఆలోచిస్తే ఇంకో పుస్తకం కనిపిస్తుంది.

మీరు టీచరు కాబట్టి వాడ్రేవు చినవీరభద్రుడు గారి "కొన్ని కలలు కొన్ని మెలకువలు" వెతికి చదవండి. పార్వతీపురంలో గిరిజన సంక్షేమాధికారిగా మొదలై, ఏజెన్సీ బడుల మీద పనిచేసిన అనుభవాలు. అధికారి రాసిన పుస్తకమంటే నాకున్న భయాలన్నీ ఇది పోగొట్టింది. కొండ మీది బడికి పిల్లాడు ఎందుకు రాడు, వచ్చినవాడు ఎందుకు నిలవడు, మేష్టారు ఎక్కడ కాపురం ఉంటాడు, హాస్టల్లో ఏం జరుగుతుంది. పుస్తకమంతా ఈ ప్రశ్నలే. "నేను" అనే మాట ఉంటుంది గానీ అడ్డంగా నిలబడదు. మీ స్టాఫ్‌రూంలో రోజూ నడిచే వాదనలు కొన్ని ఇందులో కనిపిస్తాయి.

ఆత్మకథ కాదు గానీ, ఏనుగుల వీరాస్వామి "కాశీయాత్ర చరిత్ర"ని కూడా ఈ జాబితాలోనే పెడతాను. 1830 మేలో చెన్నపట్నంలో పల్లకీ ఎక్కి, కాశీ వెళ్ళి, 1831 సెప్టెంబరులో ఇల్లు చేరాడు. తిరుగుదారిలో ఒరిస్సా దాటి మన శ్రీకాకుళం వైపు నుంచే వచ్చాడు. ఏ ఊళ్ళో సరుకులు దొరుకుతాయి, సత్రం ఉందా, దారి ఎలా ఉంది, ఏటికి పడవ ఉందా. ఎప్పటికప్పుడు రాసి పెట్టుకున్నవి కాబట్టి జ్ఞాపకం వేసే రంగులు ఉండవు. భాష పాతది, కొంచెం ఓపిక కావాలి. మొత్తం చదవక్కర్లేదు, మన జిల్లాల పేజీలు తీసి చదవండి చాలు.

ఇక నవలలు. మన ప్రాంతం పేరు చెప్పి కె.ఎన్.వై. పతంజలి గారిని చెప్పకపోతే ఆయన ఊరు అలమండవాళ్ళు ఊరుకోరు. "వీరబొబ్బిలి" కుక్క కథ అని చెబితే నమ్ముతారా? రాజుగారి దివాణంలో కుక్క అది, దాని దర్జా రాజుగారి దర్జాకి ఏమీ తీసిపోదు. దాని తర్వాత "గోపాత్రుడు", ఆ వెంటనే "పిలక తిరుగుడు పువ్వు" చదవాలి, ఈ వరస తప్పకూడదు. భూమి గుండ్రంగా లేదు, బల్లపరుపుగా ఉందని గోపాత్రుడు అంటాడు. దానిమీద ఊరు రెండుగా చీలి తన్నుకుంటుంది. కేసవుతుంది. "పిలక తిరుగుడు పువ్వు"లో భూమి ఆకారం కోర్టుకెక్కుతుంది.

కోర్టువాడిని కాబట్టి నాకు కోపం రావాలి. రాలేదు. అక్కడ విషయం ఒక్కటే వింత, వాదన మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం వాదన. సాక్షిని ఎలా కంగారు పెడతారు, అడిగిన ప్రశ్నకి కాక అడగని ప్రశ్నకి జవాబు ఎలా రాబడతారు, ఊళ్ళో ప్రతివాడికీ తెలిసిన సంగతి బోనెక్కేసరికి ఎందుకు రుజువు కాకుండా పోతుంది, ఇవన్నీ నేను రోజూ చూసినవే. నాతోపాటు పనిచేసిన ఒక ప్లీడరు గుమాస్తా దీన్ని చదివి, "ఇది వెటకారం కాదు మేష్టారూ, సర్టిఫైడు కాపీ" అన్నాడు. పతంజలి ఎవరి తరఫునా వకాల్తా పుచ్చుకోడు. గోపాత్రుడు హీరో కాడు, అతన్ని వెక్కిరించేవాళ్ళు తెలివైనవాళ్ళూ కారు. పౌరుషం తప్ప ఇంకేమీ మిగలని మనుషుల మీద ఆయనకి చిరాకూ ఉంది, ప్రేమా ఉంది. రెండూ ఒకే వాక్యంలో ఉంటాయి. యాస కూడా మన యాసే. బయటి జిల్లాల వాళ్ళకి అర్థం చెప్పాల్సిన చోట మీకు నవ్వొచ్చేస్తుంది. "ఖాకీవనం" మాత్రం వేరే దారి, పోలీసుల మీద నవల. నవ్వు కోసం అది పట్టుకోకండి.

కారా మాస్టారి (కాళీపట్నం రామారావు గారి) "యజ్ఞం" నవల కాదు, పెద్ద కథ. అయినా నవలలు అడిగినవాళ్ళకి నేను దాన్ని చెప్పి తీరతాను. సుందరపాలెంలో ఒక అప్పు మీద పంచాయితీ. శ్రీరాములునాయుడు పెద్దమనిషి, అప్పల్రాముడు బాకీదారు. చదువుతూ ఉంటే పాయింటు ఎక్కడా తప్పినట్టు ఉండదు. అప్పు నిజం, లెక్క నిజం, పెద్దమనిషి మంచివాడు, ఊరు బాగుపడుతోంది. అయినా ఆ తీర్పు గొంతు దిగదు. ఎందుకు దిగదో రచయిత మనకి చెప్పడు. ఊరికి రోడ్డు వచ్చింది, బడి వచ్చింది, మరి అప్పల్రాముడి భూమి ఏమైందని మనమే వెనక్కి వెళ్ళి కాగితాలన్నీ మళ్ళీ తిరగేసుకోవాలి. ముగింపు చెప్పను. ఆ ముగింపు అవసరమా కాదా అని ఏళ్ళ తరబడి కొట్టుకున్నారు విమర్శకులు. నన్నడిగితే, చట్ట ప్రకారం సరైన తీర్పు ఇచ్చి ఇంటికెళ్ళి నిద్రపట్టని జడ్జీలని నేను చూశాను, వాళ్ళకి ఆ ముగింపు అర్థమవుతుంది.

రావిశాస్త్రి గారు వృత్తికి లాయరు. అయినా, లాయరు కాబట్టేనేమో, "అల్పజీవి"లో సుబ్బయ్య కేసు తీసుకోలేదు. సుబ్బయ్య భయస్తుడు. ఆఫీసంటే భయం, బావమరిదంటే భయం, కాంట్రాక్టరు గవరయ్య దగ్గర డబ్బు తీసుకున్నాక ఆ డబ్బంటే భయం. ఇంకో రచయితైతే సుబ్బయ్యని జాలిపడేలా చేసేవాడు, లేదా చివర్లో ధైర్యం నూరిపోసి నిలబెట్టేవాడు. ఈయన సుబ్బయ్య బుర్రలోకి మనల్ని తోసి తలుపేసేశాడు. గవర్నమెంటు ఆఫీసులో పనిచేసిన ఎవరికైనా ఆ టెన్షన్ తెలుస్తుంది: పై ఆఫీసరు బెల్లు కొడితే కడుపులో ఏమవుతుందో. యాభైల నాటి విశాఖ, అయినా ఇవాళ్టి ఆఫీసు.

ఆయన మీద నా ఫిర్యాదు ఒకటుంది. తర్వాతి పుస్తకాల్లో ఉపమానం మీద ఉపమానం పడిపోతుంది, ఒక్కోసారి అసలు మనిషి కనపడడు. అభిమానులు కొట్టడానికి వస్తారు, రానివ్వండి. "అల్పజీవి"లో ఆ జోరు ఇంకా అదుపులో ఉంది, అందుకే నాకు అదే ఎక్కువ. సారా కేసుల కథలు, "ఆరు సారా కథలు", వాటిని మాత్రం ఏ ఫిర్యాదూ లేకుండా చదువుతాను.

"కాలాతీత వ్యక్తులు" ఈసారి లైబ్రరీ కాపీలో చదివాను, పాత బైండు. డాక్టర్ పి. శ్రీదేవి రాసినది. 1957-58లో తెలుగు స్వతంత్ర పత్రికలో సీరియల్‌గా వచ్చింది. ఆవిడ 1961లో చిన్నవయసులోనే పోయారు. నవల విశాఖలో నడుస్తుంది. ఇందిర సంపాదించే పిల్ల, తండ్రి ఆ సంపాదన మీద బతికే మనిషి. పైవాటాలో మెడిసిన్ చదివే ప్రకాశం, అతని స్నేహితుడు కృష్ణమూర్తి, కల్యాణి, వసుంధర. ఇందిర తనకి కావలసింది అడుగుతుంది, దొరక్కపోతే ఇంకో దారి చూసుకుంటుంది. త్యాగం చేయదు, ఏడుస్తూ కూర్చోదు. నేను చదివిన కాపీలో ఒకచోట ఇందిర మాటల పక్కన ఎవరో పెన్సిలుతో "ఇది ఆడదేనా?" అని రాశారు. దాని కింద ఇంకెవరో నీలం సిరాతో "వాళ్ళ నాన్న మగాడేనా?" అని రాశారు. పుస్తకాల్లో రాతలు నాకు గిట్టవు గానీ, ఆ పేజీ మాత్రం చించకుండా ఉంచినందుకు లైబ్రరీవాళ్ళకి దణ్ణం.

శ్రీదేవి గారి గొప్పతనం ఏమిటంటే, ఇందిర మంచిదని ఎక్కడా రుజువు చేయబోరు. ఇందిర స్వార్థం మనకి కనిపిస్తుంది, అబద్ధాలు కనిపిస్తాయి. అన్నీ చూశాక కూడా మనం ఇందిర పక్షాన ఎందుకు ఉన్నామా అని మనకే ఆశ్చర్యం వేస్తుంది. ప్రకాశం లాంటి మెతక మగవాళ్ళని తెలుగు నవలల్లో హీరోలు చేసేస్తారు. ఇక్కడ మాత్రం అతని మెతకతనం వల్ల ఎవరికి ఎంత నష్టమో లెక్క తేలుతుంది. కల్యాణి భాగాలు కొంచెం సాగాయి. సాగితే సాగాయి.

కొత్తవాటిలో సన్నపురెడ్డి వెంకట్రామిరెడ్డి "కొండపొలం" చదివాను, 2019లో తానా (అమెరికాలోని తెలుగువాళ్ళ సంఘం) బహుమతి వచ్చింది, సినిమా కూడా తీశారు. కరువులో కడప వైపు గొర్రెల కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు. ఉద్యోగం దొరకని చదువుకున్న కుర్రాడు తండ్రితో పాటు వెళతాడు. అడవి ఉన్నంతసేపు ఈ నవల అద్భుతం. రాత్రి మందని ఎలా కాస్తారు, నీళ్ళు ఎక్కడ వెతుకుతారు, పులి దగ్గర్లో ఉందని గొర్రె ముందు ఎలా పసిగడుతుంది. పని తెలిసిన మనిషి రాసిన పేజీలు అవి. ఇబ్బంది ఎక్కడంటే, రచయితకి ఆ కుర్రాడంటే ముద్దు ఎక్కువ. ఎదురైన ప్రతి కష్టమూ వాడికి ఒక పాఠమైపోతుంది. ఒక్క రాత్రైనా ఊరికే భయపడి, ఏమీ నేర్చుకోకుండా తెల్లవారి ఉంటే నేను ఇంకా నమ్మేవాణ్ణి. ఈ తేడా తెలియాలంటే పక్కన కేశవరెడ్డి గారి "అతడు అడవిని జయించాడు" పెట్టుకుని చదవండి. చిన్న పుస్తకం. ఒక ముసలివాడు, తప్పిపోయిన పంది, అడవి, రాత్రి. అంతే. ముసలివాడు మంచివాడో గొప్పవాడో చెప్పే తీరిక రచయితకి లేదు, మనకీ ఉండదు.

బండి నారాయణస్వామి "శప్తభూమి" పద్దెనిమిదో శతాబ్దపు అనంతపురం, హండె రాజుల కాలం. అకాడెమీ అవార్డు వచ్చింది. మొదట్లో పేర్లు ఎక్కువై కంగారు పెడుతుంది, ఒక కాగితం మీద రాసుకుంటే నాలుగో అధ్యాయం నుంచి తిన్నగా నడుస్తుంది. రాజులకంటే వాళ్ళ కింద నలిగిన కులాల బతుకు బాగా వచ్చింది. బొబ్బిలి కోట మీద, విజయనగరం సంస్థానం మీద ఇంత ధైర్యంగా ఒక నవల ఎవరైనా రాస్తారా అని ఎదురుచూస్తున్నాను. మనవాళ్ళు ఆ కథ ఎత్తుకుంటే వీరగాథే రాస్తారు, కోట లోపల నీళ్ళు మోసినవాళ్ళ గురించి రాయరు.

మీరు ఏ వరసలో చదవాలంటే: ముందు "కాలాతీత వ్యక్తులు", అది మీకు ఒక్క వారాంతం పని. దాని మీద "నిర్జన వారధి". నవల చదివే వేగంతోనే ఈ ఆత్మకథ కూడా చదివేస్తారు, నాది హామీ. ఆ తర్వాత "గోపాత్రుడు", "పిలక తిరుగుడు పువ్వు". "నా ఎఱుక" చివరికి ఉంచండి. గొప్పలంటే మీకున్న చిరాకు అప్పటికి కొంచెం తగ్గుతుంది, భాష కూడా కాస్త ప్రౌఢంగా ఉంటుంది.

దొరకడం సంగతి. "నిర్జన వారధి", "ఒక హిజ్రా ఆత్మకథ" హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళవి, పోస్టులో తెప్పించుకోవచ్చు. కథల కోసమైతే మీకు శ్రీకాకుళంలోనే కథానిలయం అనే కథల లైబ్రరీ ఉంది. కారా మాస్టారు 1997లో పెట్టినది. టెక్కలి నుంచి బస్సెక్కితే పొద్దున వెళ్ళి సాయంత్రానికి ఇల్లు చేరొచ్చు. పాత పత్రికలు కూడా చూడాలనుకుంటే ముందే ఫోన్ చేసి వెళ్ళండి. "నా ఎఱుక" బజార్లో కనపడకపోతే విజయనగరం జిల్లా గ్రంథాలయంలో అడగండి. అక్కడా లేకపోతే మీ ఊరి శాఖా గ్రంథాలయంలో పాఠకుల సూచనల పుస్తకంలో రాసి సంతకం పెట్టండి. నోటితో చెబితే మరిచిపోతారు, కాగితం మీద ఉంటే ఎప్పటికైనా కదులుతుంది.

ఇంతకీ మీరు పాతిక పేజీల దగ్గర వదిలేసిన ఆత్మకథలు ఏవో పేర్లు రాయలేదు. రాయండి, ఏ పేజీ దగ్గర ఆగారో కూడా రాయండి. నేను చదివినవైతే, ముందుకెళ్ళడం దండగో కాదో చెబుతాను.